చీనాబ్ వంతెన: కనబడని సగం

గోదావరి సీమలో పుట్టినవాణ్ణి కనుక వంతెన అనగానే నాకు హేవలాకు వంతెనే స్ఫురిస్తుంది. 1900లో మొదలై 1997లో విశ్రమించిన ఆ వంతెన 56 స్పాన్లతో, అడుగడుగునా నదిలో కాలూనుతూ, తాపీగా ఆవలి ఒడ్డు చేరుతుంది. జమ్ముకాశ్మీరంలోని రియాసీ జిల్లాలో, 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ రైలువంతెనది వేరే తీరు. అది నీటిలో ఒక్క స్తంభమైనా దించలేదు.

నది నుండి పట్టాల ఎత్తు 359 మీటర్లు. ఐఫెల్ టవరు కన్నా ఎక్కువ. మొత్తం పొడవు 1315 మీటర్లు, అందులో లోయను దాటే ఉక్కు కమాను 467 మీటర్లు. గంటకు 266 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా రూపొందించారు. రెండు ఒడ్ల నుండీ కమానును ముక్కముక్కగా ముందుకు పెంచుతూ, ఆ సగాలు లోయలోకి ఒరగకుండా ఉక్కుతాళ్ళతో వెనక్కి బిగించి, 2021 ఏప్రిల్‌లో నడుమ కలిపారు.

ఛాయాచిత్రాలలో అందరమూ చూసేది ఆ కమానునే. నన్ను ఆలోచింపజేసింది మాత్రం కొండ. కమాను తన బరువునూ, రైలు బరువునూ రెండు ఒడ్ల మీదికే నెడుతుంది. ఆ ఒడ్లేమో పగుళ్ళు పారిన డోలమైటు శిల. పైగా భూకంపాల ప్రాంతం. తవ్వితే గాని లోపలి రాయి గుణం పూర్తిగా తెలియదు. అందుచేత తవ్వుతూ, చూస్తూ, లెక్కలు మళ్ళీ కట్టుకుంటూ, రాతిలోకి ఇనుపకడ్డీలు దించి, సిమెంటుపాలు ఎక్కించి వాలును నిలబెట్టవలసివచ్చింది.

ఈ పునాదుల విషయంలో 17 ఏళ్ళపాటు సలహాలిచ్చినవారు మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆడపడుచు, బెంగుళూరు ఐఐఎస్‌సీ ఆచార్యులు గాలి మాధవీలత గారు. కాకినాడలో ఇంజనీరింగు చదివారు. వంతెన ప్రారంభం కాగానే మన పత్రికలు ఆమెను ఆకాశానికెత్తాయి. ఆమె మాత్రం వేలమందిలో తానొకరిననీ, తన పని వాలులకూ పునాదులకూ సంబంధించినదనీ వినయంగా సర్దిచెప్పారు.

మనవారన్న గర్వం నాకూ ఉంది, దాచుకోను. కాని ఒక్క పేరు పట్టుకుని మిగిలిన వేలమందిని మరచిపోవడం, కమానును మెచ్చుకుని కొండను మరచిపోవడం లాంటిదే. ఆమె మాటను గౌరవించడమంటే, ఆమెతోపాటు అంతెత్తున గాలిలో నిలబడి బోల్టులు బిగించిన పేరు తెలియని చేతులనూ తలచుకోవడమేనని నాకనిపిస్తుంది. మీరేమంటారు?