జాకీచాన్ మా దేవుడి గదిలోకి వచ్చాడు

నవ్వకండి. నలభై దాటిన ఇల్లాలు, ఇంటర్‌తో చదువాపేసిన మనిషి, జాకీచాన్ సినిమా గురించి రాయడమేమిటని మీరనుకుంటారని నాకు తెలుసు. మా వారూ అదే అన్నారు. "గుత్తివంకాయ గురించి రాయకూడదుటే?" అని. అదీ రాస్తాను లెండి, మరోసారి. ఈసారికి మాత్రం ఈ సంగతి మీతో చెప్పుకుంటే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

దసరా సెలవులకి మావాడు హాస్టల్ నించి వచ్చాడు. ఓ మధ్యాహ్నం నేను గోరుచిక్కుడుకాయలు ఒలుస్తూ హాల్లో కూచుంటే, వాడు ఫోన్ టీవీకి కలిపి "చైనీస్ జోడియాక్" అనే సినిమా పెట్టాడు. 2012లో వచ్చిన సినిమా. రాసిందీ, తీసిందీ, వేషం వేసిందీ అన్నీ జాకీచానే. ఒకే సినిమాలో పదిహేను పనులు చేశాడని గిన్నిస్ వాళ్ళు రికార్డు కూడా ఇచ్చారుట. ఆ పదిహేనింట్లో యూనిట్ వాళ్ళ భోజనాల ఏర్పాటు కూడా ఒకటిట! మనం రోజూ అంతకన్నా ఎక్కువే చేస్తాం. మనకెవరూ రికార్డులివ్వరు, అది వేరే మాట.

మొదట్లోనే ఒంటినిండా చక్రాలు తగిలించుకుని, రోడ్డు మీద బోర్లా పడుకుని, కొండదారిలో జర్రున జారిపోతాడండీ ఆ మనిషి! కాయలు ఒలవడం మర్చిపోయి చూశాను. అప్పటికే అతనికి యాభై ఏడూ యాభై ఎనిమిదేళ్ళు. మరోచోట సోఫా మీంచి దిగకుండా కొట్టుకోవాలని పందెం. దెబ్బలు తగుల్తున్నా నవ్వొస్తుంది. కథంటారా, మధ్యలో కాస్త నీరసించింది. కొన్నిచోట్ల పాఠం చెప్పినట్టుంది. కానీ ఆ పాఠమే నన్ను పట్టుకుంది. అదేమిటో చెప్తాను.

చైనాలో బీజింగ్ దగ్గర వాళ్ళ చక్రవర్తుల ఉద్యానవనం ఒకటుండేది. యువాన్‌మింగ్‌యువాన్ అంటారు. పద్ధెనిమిదో శతాబ్దంలో చియాన్‌లాంగ్ అనే చక్రవర్తి అక్కడో ఫౌంటెన్ కట్టించాడు. మనకి ప్రభవ, విభవ అని సంవత్సరాల పేర్లున్నట్టు, వాళ్ళకి పన్నెండు జంతువుల పేర్లు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఆ పన్నెండింటికీ కంచుతలలు పోతపోయించి నీళ్ళ చుట్టూ కూర్చోబెట్టారు. రెండేసి గంటలు ఒక్కో జంతువు నోట్లోంచి నీళ్ళొస్తాయి. ఏ జంతువు నీళ్ళు చిమ్ముతుంటే అది ఆ వేళ అన్నమాట. సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండూ ఒకేసారి చిమ్మేవి. ఎంత ముచ్చటైన గడియారమో చూడండి!

1860లో నల్లమందు యుద్ధమప్పుడు ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కలిసి ఆ చోటుని దోచుకున్నారు. తర్వాత లార్డ్ ఎల్గిన్ అనే ఆయన తగలబెట్టించాడు. ఆయనే మరో రెండేళ్ళకి మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు. ఇంకో సంగతి వింటే నాకు చివుక్కుమంది. ఆ ఇంగ్లీషు సైన్యంలో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారు. చైనావాళ్ళకి అమ్మిన ఆ నల్లమందు పండిందీ మన నేల మీదే. దోపిడీ అనగానే మనమెప్పుడూ పోగొట్టుకున్నవాళ్ళ వైపే ఉన్నామనుకుంటాం కదా!

ఆ కంచుతలలు తర్వాత చెల్లాచెదురైపోయాయి. వాటిని వెదికి తెస్తే బోలెడు డబ్బిస్తామని ఓ కంపెనీ జాకీచాన్‌ని పంపిస్తుంది. అదే కథ. అతను మొదట దేశం కోసమేం వెళ్ళడు, కూలి కోసమే వెళ్తాడు. పారిస్‌లో ఓ చైనా పిల్ల తగులుతుంది. ఎవరి సొత్తు వాళ్ళకి తిరిగివ్వాలని ఆమె పట్టుదల. ఫ్రెంచి పిల్ల ఇంకొకత్తి ఉంటుంది, ఆమె ముత్తాతలే ఆ వస్తువులు పట్టుకుపోయినవాళ్ళు. చివరికి డ్రాగన్ తలని అగ్నిపర్వతంలో పారేయబోతే, ప్రాణం లెక్కచేయకుండా దూకి, దొర్లి, ఒళ్ళంతా గాయాలతో దాన్ని కాపాడతాడు. అన్నట్టు, ఆఖర్న అతని నిజం భార్య కూడా ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు పెద్ద నటేనుట.

సినిమా సంగతి సరే, నిజంగా జరిగింది ఇంకా బావుంది. 2009లో పారిస్‌లో ఎలుకతల, కుందేలుతల వేలానికొచ్చాయి. అవి దగ్గరున్నాయన, చైనావాళ్ళు టిబెట్‌కి స్వేచ్ఛ ఇస్తే ఉత్తినే ఇచ్చేస్తానని షరతు పెట్టాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. చైనా ఆసామి ఒకాయన ఒక్కొక్కటీ కోటిన్నర యూరోల పైన పాడి, పాట తనదయ్యాక డబ్బు కట్టనన్నాడు. మా వస్తువు మాకే అమ్ముతారా అని! అంతకుముందు ఎద్దు, పులి, కోతి తలల్ని 2000లో హాంగ్‌కాంగ్ వేలంలో చైనా కంపెనీయే డబ్బు పోసి కొనుక్కుంది. పందితలనీ, గుర్రంతలనీ మకావుకి చెందిన ఓ ధనికుడు కొని దేశానికిచ్చాడు. సినిమా వచ్చిన మరుసటేడు, 2013లో, ఫ్రెంచి ధనికుడు ఫ్రాన్స్వా పినో ఆ ఎలుకనీ కుందేలునీ దమ్మిడీ పుచ్చుకోకుండా తిరిగిచ్చేశాడు. అలా ఏడు ఇల్లు చేరాయి. తక్కినవి ఇంకా చేరలేదు.

ఇవన్నీ మావాడు ఫోన్లో చూసి చెప్తుంటే నేను ఆవేశపడిపోయాను. "మన అమరావతి శిల్పాలు నూటికి పైగా లండన్ మ్యూజియంలో పడున్నాయి! మనం ఇక్కడ తెనాలిలో కూచుని వాటిని ఫోటోల్లో చూసుకోవాలి! అడిగితే మేం జాగ్రత్తగా చూసుకుంటున్నాం అంటారు. అంతా దొంగమాటలు" అన్నాను. మావాడు చందవరం కథ కూడా చెప్పాడు. దొనకొండ దగ్గర చందవరంలో ఉండాల్సిన పాతకాలం బౌద్ధశిల్పం దొంగల చేతుల్లోపడి సముద్రం దాటింది. ఆస్ట్రేలియా మ్యూజియం వాళ్ళు కొనుక్కున్నారు. అది దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి అప్పగించారు. "చూశావా, మర్యాదస్తులంటే అలా ఉండాలి" అన్నాను నేను.

మావాడు ఓ నిమిషం ఊరుకున్నాడు. తర్వాత మెల్లిగా, "మరి మన కుందులు అత్తవే కదమ్మా?" అన్నాడు.

నా చేతిలో గోరుచిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

మీకు చెప్పాలి. మా దేవుడి గదిలో రెండు ఇత్తడి కుందులున్నాయి, మూరెడెత్తువి. మా అత్తగారు కాపురానికొచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు సారెలో పెట్టారు. "ఇవి నా కూతురికి" అని ఆవిడ బతికుండగా నా ఎదుటే రెండుమూడుసార్లన్నారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. పెద్దకర్మ అయ్యాక మా ఆడపడుచు, "వదినా, అమ్మ కుందులు పట్టుకెళ్తాను" అంది. అప్పుడు నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకముంది. "ఇన్నేళ్ళు ఈ ఇంట్లో దీపం పెట్టినవి, గుమ్మం దాటితే మంచిది కాదమ్మాయ్. పైగా నీవి హైదరాబాదులో అద్దిళ్ళు, ఉద్యోగం. వీటిని తోమే తీరికెక్కడిది? నేనైతే జాగ్రత్తగా చూసుకుంటాను. కావాలంటే అలాంటివే కొనుక్కో, డబ్బు మీ అన్నయ్య ఇస్తారు" అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. పండక్కి వస్తూనే ఉంది, నాకు చీరలు పెడుతూనే ఉంది. కానీ దేవుడి గదిలోకి మాత్రం రాదు. గుమ్మంలోనే నించుని దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతుంది. నేను చూసీ చూడనట్టే ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. అప్పటికి మావాడికి తొమ్మిదేళ్ళు. పిల్లలు ఆడుకుంటున్నారనుకుంటాం గానీ, వాళ్ళు అన్నీ వింటారండీ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లండన్ మ్యూజియం వాళ్ళని పగలు నేను తిట్టిన తిట్లన్నీ తిరిగి నాకే తగిలాయి. జాగ్రత్తగా చూసుకోవడం అబద్ధం కాదు. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమి, ముగ్గుతో మెరుగు పెట్టిందాన్ని నేనే. అయినా నావి కావు. ఎంత బాగా తోమితే మాత్రం నావవుతాయా?

మర్నాడు మా వారితో చెప్పాను. "ఇప్పుడెందుకు ఆ గొడవ?" అంటారనుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు కిందపెట్టి, "అప్పుడే ఇచ్చుంటే బాగుండేది" అని మాత్రం అన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆయన మనసులోనూ ఉందన్నమాట.

కుందులు ఆఖరుసారి తోమి, పాత పంచెలో చుట్టి, ఆదివారం రైల్లో హైదరాబాదు తీసుకెళ్ళాం. మా ఆడపడుచు మూట విప్పి చూసింది. నేను దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "నీవి నీకివ్వడానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు" అన్నాను. ఆమె ఏం మాట్లాడలేదు. కుందుల్ని ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళమ్మ నూనె పోసే చోట వేలితో తడుముతూ కూచుంది. తర్వాత లేచి కాఫీ పెట్టింది.

నిజం చెప్పొద్దూ? "వదినా, ఒకటి నువ్వుంచుకో" అంటుందేమోనని లోపల్లోపల ఆశపడ్డాను. అనలేదు. అనక్కర్లేదు కూడా. తిరిగొచ్చేప్పుడు సంచీ తేలిగ్గా ఉంది, మనసు మాత్రం కాస్త బరువుగానే ఉంది. ఇచ్చేస్తే వెంటనే హాయిగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, నాకు దేవుడి గది వారం రోజులు బోసిగానే కనిపించింది. బజార్లో చిన్న ఇత్తడి ప్రమిదలు రెండు కొనుక్కున్నాను. వెలుగు అదే.

ఆ వచ్చే శుక్రవారం పొద్దున్నే ఫోను మోగింది. "వదినా, వీటికి ఒత్తి ఎంత లావు వెయ్యాలి? నూనె పక్కకి కారిపోతోంది" అంది మా ఆడపడుచు. రెండు ఒత్తులు కలిపి పేనమన్నాను. అలా మొదలై అరగంట మాట్లాడుకున్నాం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి కూడా!

ఇదీ సంగతి. జాకీచాన్‌లా అగ్నిపర్వతం మీంచి దూకక్కర్లేదు మనం. మీ అటక మీదో, బీరువాలోనో, దేవుడి గదిలోనో ఇంకొకళ్ళకి చేరాల్సిన వస్తువేదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే, వాళ్ళు రెండోసారి అడిగేదాకా ఆగకండి. చాలామంది రెండోసారి అడగరు.