రేడియోకు నాడి చూచుట

నాడి చూడక మందిచ్చు వైద్యుని లోకము నమ్మదు. జ్వరపడిన మనుష్యుడు తన బాధను నోట చెప్పుకొనును. పశువు చెప్పుకొనలేకపోయినను మేత మాని, చెవులు వ్రేలవైచి తెలుపును. మూగవోయిన రేడియో మాత్రము మీట త్రిప్పినను పలుకదు. ఎందుకు పలుకదో తెలుపదు. దాని పెట్టెలో వాల్వులు, తీగచుట్టలు, నిరోధకములు, కండెన్సర్లు పదుల కొలది యుండును. వానిలో ముఖ్యమైన దేదియైన ఒక్కటి చెడినను పెట్టె యంతయు మూగయగును. చెడిన భాగమును మార్చుట అరగంట పని. దానిని కనుగొనుట యొక్కొకప్పుడు రెండు దినముల పని. కావున రేడియో మరమ్మతు అను విద్యలో సగపాలు, అంతకంటె నెక్కువయు, పరీక్షయే.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. తరువాతి దశాబ్దములలో రేడియో తెలుగు పట్టణములనుండి పల్లెలకు వ్యాపించెను. సాయంకాలము పంచాయతీ కార్యాలయపు అరుగుమీద రైతులు వ్యవసాయ ప్రసంగములు వినుచుండిరి; కాఫీ హోటళ్లలో జనులు పాటలు వినుచుండిరి. రేడియో వెళ్లిన చోటికి దాని మరమ్మతుదారుడును వెళ్లవలసి వచ్చెను. బజారులో ఒక చిన్నగది, ఒక బల్ల, ఒక టంకపు కడ్డీ, అదియే అతని కర్మశాల. కంపెనీలు తయారుచేసిన పరీక్షా యంత్రముల వెల అతని సంపాదనకు అందునది కాదు.

అట్టి పనివారిలో రెండు తెఱగులవారు కనిపించుచుండిరి. ఒకడు ఊహపై పనిచేయువాడు. ముందుగా ఒక వాల్వు మార్చును. రేడియో పలుకనిచో మఱొకటి మార్చును. పిమ్మట కండెన్సరు మార్చును. ఎప్పుడో పలుకును. ఏది చెడినదో అతనికిని తెలియదు. మార్చిన వానికన్నిటికిని మూల్యము చెల్లించువాడు మాత్రము రేడియో సొంతదారుడు. రెండవవాడు ముందు పరీక్షించును, చెడినదానిని చేతబట్టి చూపును, దానినే మార్చును. ఇతడును ధనికుడు కాడు. ఇతని పరికరములన్నియు చెడిపోయిన రేడియోలనుండియు, విఱిగిన టార్చిలైట్లనుండియు, పాత సామానుల అంగడిలో తూకమునకు కొన్న వస్తువులనుండియు పుట్టినవే.

వానిలో మొదటిది మిక్కిలి సులభము. ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, రెండు తీగలు. తీగల కొనలను అనుమానమున్న మీటకో, ఫ్యూజుకో తాకించినచో, లోపలి మార్గము తెగకున్న బల్బు వెలుగును, తెగినచో వెలుగదు. కాని యీ సాధనమునకు ఒక హద్దు కలదు. వేయి ఓముల నిరోధకము ఎంత మంచిదైనను, దానిగుండ ఒక్క సెల్లు పంపగల స్వల్పవిద్యుత్తు బల్బును వెలిగింపజాలదు. వెలుగలేదు గనుక చెడినదని తలచినవాడు మంచి వస్తువును పాఱవేయును.

అందువలన పనివాడు బల్బునకు బదులు పాత టెలిఫోనులోని చెవిభాగమును అమర్చుకొనును. అది అతిస్వల్పమైన విద్యుత్తునకును పలుకును. తీగలు తాకినపుడెల్ల టక్కుమను చప్పుడు వినబడినచో మార్గమున్నదని యర్థము. కాగితపు కండెన్సరును తాకించినపుడు మొదటిసారి టక్కుమని, వెంటనే మఱల తాకించినపుడు మౌనముగా నుండినచో అది మంచిది. మొదటిసారి పుచ్చుకొన్న విద్యుత్తును అది దాచుకొన్నది. తాకించిన ప్రతిసారియు గట్టిగా చప్పుడు చేసినచో అది చిల్లికుండయే. ఎంత పోసినను నిలువదు.

రెండవ సాధనము ఇంకను చమత్కారమైనది. చివరి పొలమునకు నీరు రానపుడు రైతు తన మడవనుండి కాలువగట్టు వెంట ఎగువకు నడచును. ఏ రెండు తూముల నడుమ నీరు ఆగిపోయెనో, అక్కడనే గండి యున్నదని తెలిసికొనును. రేడియోలోను ధ్వని ఏరియలునుండి స్పీకరువఱకు ఒక్కొక్క మెట్టుగా దిగివచ్చును. ఆ మెట్లలో ఎక్కడనైనను ఒక కృత్రిమధ్వనిని ప్రవేశపెట్టగలిగినచో రైతు చేసిన పరీక్షనే చేయవచ్చును.

దీనికి మల్టీవైబ్రేటరను అమరిక పనికివచ్చును. దానిని మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సుదేశములో అబ్రహాము, బ్లాఖ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు వాల్వులతో నిర్మించిరి. తరువాతి కాలపు పనివాడు చెడిన చిన్నరేడియోనుండి తీసిన రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లతో దానిని చేసికొనెను. నాలుగు నిరోధకములు, రెండు కండెన్సర్లు, ఒక సెల్లు ఉన్నచో చాలును. ట్రాన్సిస్టర్లు రెండును ఏతాముమీది మనుష్యులవలె, ఒకటి లేచినపుడు ఒకటి క్రుంగుచు, సెకనుకు వేయిమార్లు ఆడుచుండును. అది పుట్టించు తరంగము నునుపైనది కాదు. దాని అంచులు నిట్టనిలువుగా నుండును. ఆ కారణమున వేయి కంపనములకు ఎన్నో రెట్లైన కంపనములును దానిలో నిమిడియుండి, రేడియో తరంగముల మేరవఱకును వ్యాపించును. కావున ఒక్క పరికరమే రేడియోలోని అన్ని మెట్లకును సరిపోవును. అంతయు పాత టార్చిగొట్టములో ఇముడును. దాని కొనను స్పీకరు వైపునుండి ఆరంభించి ఒక్కొక్క చోట తాకించుచు ఏరియలువైపు పోవలెను. ఎక్కడ తాకించినపుడు కూత ఆగెనో, దానికిని అంతకుముందు తాకిన చోటికిని నడుమనే దోషమున్నది.

మూడవది మీటరు. పాత యంత్రమునుండి ఒక మిల్లీ ఆంపియరుకు సూది పూర్తిగా తిరుగు మీటరు దొరికినదనుకొందము. దాని తీగచుట్ట నిరోధము 100 ఓములు. దానికి వరుసగా 9,900 ఓముల నిరోధకమును చేర్చినచో మొత్తము 10,000 ఓములగును. ఓము నియమము ననుసరించి అది 10 వోల్టులవఱకు కొలుచు సాధనమైనది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. పరీక్షించు సాధనమును పరీక్షించున దేది? వెండిరంగు పట్టీగల నిరోధకము తనపై గుఱుతించిన విలువకు నూటికి పదివంతులు ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చును. మానికయే పగులునదైనచో కొలిచిన ధాన్యమంతయు తప్పుకొలతయే. అందువలన బుద్ధిమంతుడు తాను చేసిన మీటరును క్రొత్త సెల్లునకు తాకించి, అది ఒకటిన్నర వోల్టులకు సమీపముగా చూపుచున్నదో లేదో పరికించును. రేడియో తరంగములు పుట్టించు సాధనమును చేసికొన్నచో, తెలిసిన కేంద్రముతో సరిచూచును. మీడియం వేవులో విజయవాడ కేంద్రమునకు కేటాయింపబడిన స్థానము 837 కిలోహెర్ట్జులు. ఆ కేంద్రమును పట్టి, తన సాధనపు ముల్లును మెల్లగా త్రిప్పినచో రేడియోలో ఒక ఈల వినబడును. ఈల క్రమముగా మందమై, పిదప నిశ్శబ్దమైన చోట రెండు తరంగములును సమానములు. అక్కడ 837 అని గుఱుతు పెట్టుకొనవలెను.

అల్పవస్తువులతో చేసిన పని అల్పమైనదని తలపరాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విలియం హ్యూలెట్ అను విద్యార్థి ధ్వనితరంగములను పుట్టించు ఒక పరీక్షాయంత్రమును రూపొందించెను. అట్టి యంత్రములలో తరంగపు బలము నిలకడగా నుండక హెచ్చుటయో, ఆఱిపోవుటయో జరుగుచుండెను. అతడు అందులో ఒక చిన్న విద్యుద్దీపమును చేర్చెను. తరంగము బలము హెచ్చినకొలది దీపపు తీగ వేడెక్కును. వేడెక్కినకొలది దాని నిరోధము పెరిగి, తరంగము తనంతట అదుపులోనికి వచ్చును. 1939లో అతడును, మిత్రుడగు డేవిడ్ ప్యాకార్డును 538 డాలర్ల మూలధనముతో, పాలో ఆల్టో నగరములోని ఒక కారుషెడ్డులో ఆ యంత్రమును తయారుచేసి అమ్మసాగిరి. వాల్టు డిస్నీ చిత్రనిర్మాణ సంస్థ తన ఫాంటేసియా చిత్రము కొఱకు అట్టి యంత్రములు ఎనిమిదింటిని కొనెను. ఆ ఇద్దఱు మిత్రుల పేరనే ఒక మహాసంస్థ పెరిగెను.

ఉత్సాహవంతులగు బాలురును బాలికలును ఒక హెచ్చరికను మఱువరాదు. వాల్వు రేడియోలలో రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును. ప్లగ్గు తీసివేసిన తరువాతను పెద్ద కండెన్సర్లలో అది కొంతసేపు నిలిచియుండును. ట్రాన్స్‌ఫార్మరు లేని కొన్ని రేడియోలలో లోపలి లోహపు చట్రమే గోడ విద్యుత్తుతో కలిసియుండును. కావున అభ్యాసమును ఒక్క సెల్లుతో పలుకు పనులతోనే ఆరంభింపవలెను. గోడమీటతో సంబంధముగల దేదియు తెలిసినవారు ప్రక్కన లేక తెఱవరాదు.

నేడు కొలత యంత్రములు చవుకగా దొరకుచున్నవి. అంకెలు వెంటనే కనబడుచున్నవి. అయినను స్వయముగా ఒక మీటరు చేసి సరిచూచినవానికి, అంకెకు వెనుక ఏమున్నదో తెలియును; దాని నెంతవఱకు నమ్మవలెనో తెలియును. ఏమి చెడినదని రేడియో సొంతదారుడు అడిగినపుడు, “ఇంకను తెలియలేదు, పరీక్షించి చెప్పెదను” అనుటకు అతడు సిగ్గుపడడు. ఆ మాట వినిన పల్లెటూరి రైతు తన రేడియోను నిశ్చింతగా అతని బల్లమీద నుంచి పోగలడు.