విమానం ఎక్కని బూరె

మాది శంషాబాద్. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. డాబా మీద విమానాలు చూపిస్తూ అన్నం తినిపించేదాన్ని. పోయినేడాది ఆగస్టులో తనే విమానం ఎక్కి చదువుకని అమెరికా వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ బూరెని నా ఒళ్లో పెట్టింది.

బూరె అంటే మా షిట్జు కుక్క. మూడేళ్లది, ఆరు కిలోలు. ఒకప్పుడు చైనా రాజుల కోటల్లో పెంచిన జాతి. ఆ పేరుకి అర్థం సింహమట! మా సింహమేమో గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి కూడా తోకాడిస్తుంది. "ఇది దొంగకి దారి చూపిస్తది గానీ మొరగదు" అంటుంది మా అత్తమ్మ. నిజమే, కాపలాకి పనికిరాదు. దానికి తెలిసిన పని మనిషిని అంటిపెట్టుకుని ఉండడమే. అమ్మాయి వెళ్లిన కొత్తలో వారం రోజులు గేటు దగ్గరే పడుకుంది, సరిగ్గా తినలేదు. నేనూ తినట్లేదని అత్తమ్మ చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఈ మే నెలలో నా తప్పు వల్లే దాని ప్రాణం మీదికొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి, ఎండ తగ్గిందిలే అనుకుని బయటికి తీసుకెళ్లాను. రెండు వీధులు దాటేసరికి కూలబడిపోయింది. నాలుక కందిపోయి వేలాడుతోంది, ఊపిరి గురగురమంటోంది. ఎవరింటి కుళాయో చూసి పొట్టా పాదాలూ తడిపి, ఆటోలో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను.

గండం గడిచాక ఆయన చెప్పారు. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ ఊపిరితోనే ఒంట్లో వేడిని పంపేస్తాయి. చప్పిడి ముక్కు జాతులకి ఆ గాలి దారే ఇరుకు. మనం ముద్దుగా ఉందని మురిసిపోయే ముక్కే దానికి కష్టం.

ఇప్పుడు పొద్దున ఆరులోపే తిప్పుతాను. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను, నాకు కాలితే దానికీ కాలుతుంది. మెడకి పట్టీ మానేసి ఛాతీకి వేసే బెల్టు కొన్నాను. రోజూ దువ్వుతాను, లేకపోతే జుట్టు ఉండలు కడుతుంది. తడి దూదితో కళ్లు తుడుస్తాను. బరువు పెరగనివ్వను. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ దాని దరిదాపులకి రానివ్వను.

మొన్న అమ్మాయి ఫోన్లో, "అమ్మా, బూరెని పంపించవా, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా" అని ఏడ్చింది. వాకబు చేశాను. ఇలాంటి ముక్కున్న కుక్కల్ని సామాన్ల అరలో ఎక్కించుకోవడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. దారిలో ఊపిరాడకపోవచ్చు. రెండు వీధులకే కూలబడిన ప్రాణి అంత దూరం ఎలా వెళ్తుంది? పంపనన్నాను. ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే చేసి, "దువ్వావా దాన్ని?" అంది. ఆ గొంతు వినగానే బూరె గేటు దగ్గరికి పరుగు తీసింది.

పిల్లలు అడిగారని కుక్కపిల్లని తెచ్చే ముందు ఒక్క లెక్క వేసుకోండి. అది పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. పిల్లలు అంతకన్నా ముందే వెళ్లిపోతారు. చివరికి దువ్వెన పట్టుకునేది మనమే. నాకైతే బరువనిపించడం లేదు. గేటు దగ్గర ఎదురుచూడ్డానికి తోడుంది.