తీగ లేని ఇల్లు

హైదరాబాదులో గోలకొండ కోటకు పోయే దారిలో కార్వాన్ అనే పేట ఉన్నది. కుతుబ్ షాహీల నాడు దూరదేశాల వర్తకులు తమ బిడారులతో దిగిన తావు కనుక దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఫారసీలోని ఆ పదమే ఫ్రెంచివారి మీదుగా ఇంగ్లండు చేరి, కాలక్రమాన అర్థం మార్చుకొని, కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటికి పేరైనది. ఒంటెలూ గుర్రాలూ వందల మంది మనుషులూ ఇమిడిన మాట, నలుగురైదుగురు పడుకోగల పెట్టెగా కుదించుకొన్నదన్నమాట! తెలుగు ఉపన్యాసకుణ్ణి గనుక నా దృష్టి ముందుగా పదం మీదికి పోయింది. నేను చెప్పదలచినది మాత్రం ఆ ఇంట్లోని కరెంటును గురించి.

విహారం కోసమే ప్రత్యేకంగా ఇటువంటి బండిని 1885లో తయారు చేయించుకొన్నవాడు విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు. రెండు గుర్రాల బండి అది. విద్యుచ్ఛక్తి చింత ఆయనకు లేదు. ఆ చింత మా బావగారికి ఉన్నది.

2024 మే నెలలో, కళాశాల సెలవులలో, అమ్మీని వెంటబెట్టుకొని బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా ఆపా ఇంటికి వెళ్ళాను. నెలాఖరున అక్కడి పిల్లలకు బడి సెలవులు రాగా, బావగారు తమ కారవాన్‌లో ఉత్తర వేల్స్ కొండలకు నాలుగు రాత్రుల ప్రయాణం నిశ్చయించారు. ఆ దేశంలో కారవాన్లు నిలుపుకొనే పెద్ద ప్రాంగణాలలో ఒక్కొక్క బండికి ఒక్కొక్క విద్యుత్ స్తంభం ఉంటుంది. తీగ తగిలిస్తే ఇంట్లో ఉన్నట్టే. బావగారికి ఆ రద్దీ గిట్టదు. ఒక రైతు పొలంలో ఐదు బండ్లకు మించి నిలువనివ్వని చోటు ఆయన ఎంచుకొన్నారు. అక్కడ మంచినీటి కుళాయి ఉన్నది, గొర్రెలు ఉన్నవి, కరెంటు స్తంభం మాత్రం లేదు. జనరేటరు మోతను ఆ రైతు ఒప్పుకోడు.

“మరి అమ్మీ మిషను సంగతి?” అని ఆపా అడిగింది.

ఆ ప్రశ్నే మా నాలుగు రోజులను నడిపించింది. అమ్మీకి ఇరవయ్యేండ్లుగా ఉబ్బసం. రోజుకు మూడు పర్యాయాలు నెబ్యులైజరు పెట్టుకొంటుంది. రాత్రివేళ ఆయాసం వస్తే నాలుగోసారీ తప్పదు. ఆ యంత్రానికి గోడలో ప్లగ్గు కావాలి.

బావగారు బస్సు డ్రైవరు. పెద్ద చదువులు చదవలేదు. అయినా ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చొని మాకు చెప్పిన లెక్క ఏ ఉపన్యాసానికీ తీసిపోదు. కారవాన్‌లో 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని శక్తి 100 ఆంపియర్ అవర్లు, అనగా 1,200 వాట్ అవర్లు. పైకి అంత అని రాసి ఉన్నా సగమే వాడుకోవాలి. అంతకు మించి పిండితే సీసపు బ్యాటరీ ఆయుస్సు తరిగిపోతుంది. కనుక మన చేతిలో ఉన్నది 600. పైకప్పు మీది 100 వాట్ల సౌరఫలకం మంచి ఎండ కాస్తే రోజుకు 400 వరకు తిరిగి పోస్తుంది. మబ్బు పట్టితే 100 కూడా గగనమే. నెబ్యులైజరు 150 వాట్లది, పది నిమిషాలు నడిస్తే 25 వాట్ అవర్లు. బ్యాటరీ కరెంటును 230 వోల్టులకు మార్చే ఇన్వర్టరు తన కూలి తాను కొంత తీసుకొంటుంది. అది కలిపినా అమ్మీ ఊపిరికి రోజు మొత్తం మీద 90 దాటదు.

“అంతేనా!” అన్నాను.

“అంతే. ఇప్పుడు చాయ్ లెక్క చూడు భాయీ” అన్నారాయన.

ఒకటిన్నర లీటరు చన్నీటిని విద్యుత్ కెటిల్‌లో మరిగించడానికి సుమారు 150 వాట్ అవర్లు ఖర్చవుతుంది. అమ్మీ ఆరుసార్లు ఊపిరి పీల్చుకొనే శక్తి ఒక్క విడత చాయ్ నీళ్ళలో ఆవిరైపోతుందన్నమాట. పైగా 2,000 వాట్ల కెటిల్ 12 వోల్టుల బ్యాటరీ నుండి ఒక్కసారిగా 170 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ చిన్న ఇన్వర్టరూ తీగలూ దానికి తాళలేవు. మా మేనకోడలి జుట్టు ఆరబెట్టే యంత్రానిదీ అదే జాతి. వేడి పుట్టించే పరికరం ఏదైనా బ్యాటరీ గడప తొక్కరాదని బావగారి శాసనం. విద్యార్థి మిత్రులకు ఇది కొత్త కాదు. కరెంటు కోత వేళ మన ఇళ్ళలోనూ ఇన్వర్టరు లైనుకు ఫ్యానూ దీపాలూ తగిలిస్తామే గాని, గీజరు తగిలించే ధైర్యం ఎవరూ చేయరు.

వేడి పనులన్నీ గ్యాసువి. పొయ్యి, నీళ్ళు కాచుకోవడం, చలికి వెచ్చదనం, అన్నీ ఒక ఎర్ర సిలిండరు నుండే. అందులో ఉండేది ప్రొపేన్. బ్యూటేన్ అనే రెండో వాయువు సున్నా డిగ్రీల చలిలో ఆవిరి కావడం మానివేస్తుంది; ప్రొపేన్ మైనస్ 42 వరకు లొంగదు.

అమ్మీకి అన్నిటికంటె వింతగా తోచినది ఫ్రిజ్. అది కూడా గ్యాసుతోనే నడుస్తుందని తెలిసి, వంగి ఆ చిన్న నీలి మంటను చాలాసేపు చూసింది. “మంట పెట్టి పెరుగు చల్లబరుస్తారా?” అన్నది. స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన యుక్తి అది. మంట వేడికి అమోనియా నీటిని విడిచి ఆవిరై పైకి పోతుంది, చల్లారి ద్రవమవుతుంది, హైడ్రోజన్ నిండిన గొట్టంలో ప్రవేశించి మళ్ళీ ఆవిరవుతూ చుట్టుప్రక్కల వేడిని తాగివేస్తుంది, తిరిగి నీటిలో కలుస్తుంది. తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు. ఒకటే నియమం: ఇల్లు సమతలంగా ఉండాలి. లేకుంటే గొట్టాలలో ద్రవం సరిగా పారదు. అందుకే పొలంలో దిగగానే బావగారు చేసిన మొదటి పని, తాపీమేస్త్రివలె రసమట్టం పెట్టి చక్రాల క్రింద పలకలు దూర్చడం. వాళ్ళమ్మాయి దీనికి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ శ్రద్ధను నేను మా ఊరి పాతకాలపు మేస్త్రీలలో మాత్రమే చూశాను.

మొదటి రెండు రోజులు ఎండ కాసింది. పద్నాలుగేండ్ల మా మేనల్లుడు నోటు పుస్తకంలో పద్దు రాయడం మొదలుపెట్టాడు: దీపాలు 70, నీటి పంపు 10, ఫోనులు 50, టీవీ 90, నానీమా 90, హీటరు పంఖా 80. మూడోనాడు తెల్లవారేసరికి కొండలు కనబడలేదు. వాన, మబ్బు, మళ్ళీ వాన. మరునాడూ అంతే. బ్యాటరీ కొలత పలక మీద అంకె నిండుగా ఉన్నప్పుడు 12.7 చూపేది, ఆ నాలుగో సాయంత్రం 12.2 చూపింది. సగం అయిపోయిందని దాని అర్థం. చలికి అమ్మీ పిల్లికూతలు అప్పటికే మొదలైనవి.

ఆపా నిలబడి “సామాను సర్దండి, ఈ రాత్రే ఇంటికి పోదాం” అన్నది. బావగారు, చీకట్లో వానలో ఆ కొండదారిన ఇంత బండిని లాగడం బ్యాటరీకన్నా ప్రమాదమన్నారు. ఇద్దరి మాటా న్యాయమే. భయం ఒకరి వైపు, లెక్క ఒకరి వైపు ఉన్నప్పుడు మధ్య కూర్చున్నవాడికి నోరు పెగలదు. అమ్మీ ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకపోవడమే మాకు ఎక్కువ కష్టమైనది.

పిల్లవాడు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. టీవీ పద్దును తానే కొట్టివేశాడు. దీపాలలో ఒకటి తప్ప మిగిలినవి కొట్టివేశాడు. ఫోనులన్నీ కారులో చార్జింగుకు పెట్టివచ్చాడు. బావగారు హీటరు పంఖాను ఆపివేశారు. గ్యాసు మంట అలాగే ఉంచారు. పంఖా లేకపోయినా వేడి గాలి తనంతట తాను పైకి లేచి ఇల్లంతా కాకపోయినా ప్రక్కనున్న మంచం వరకు చేరుతుంది. ఆ మంచం అమ్మీకి ఇచ్చాము. విషవాయువు పసిగట్టే అలారం పచ్చదీపాన్ని బావగారు రెండుసార్లు చూసుకొన్నారు. మిగిలిన మేము కోట్లు తొడుక్కొని పడుకొన్నాము.

రాత్రి రెండు గంటలకు అమ్మీ లేచి కూర్చున్నది. ఆయాసం ఎక్కువగానే ఉన్నది. యంత్రం మీట నొక్కగానే కొలత పలక 11.9కి దిగింది. ఆపా ఆమె వీపు నిమురుతున్నది. మేము ముగ్గురం మగవాళ్ళం ఆమె ముఖమైనా చూడక ఆ అంకెనే చూస్తున్నాము. పది నిమిషాలు అది కదలలేదు. యంత్రం ఆపగానే మెల్లగా 12.1కి ఎక్కివచ్చింది. అమ్మీ శ్వాస సరిపడింది. “చాయ్ పెట్టండి, గ్యాసు ఉన్నది కదా” అన్నది.

తెల్లవారి ఎండ వచ్చింది. అయిదింటికే పైకప్పు మీద వెలుతురు పడింది. పదింటికి అంకె మళ్ళీ పెరగసాగింది. బయలుదేరడానికి ఇంకా సమయముందని పిల్లవాడు అరగంట టీవీ చూస్తానని నానీమాను అడిగాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని, “అరగంటకు ఎంత తింటుందో ముందు ఆ పుస్తకంలో రాసి చూపించు” అన్నది. వాడు 15 అని రాశాడు.