అంకె వాడకుండా వంద

మా ఇంట్లో ఈ మధ్య ఒక కొత్త పిచ్చి మొదలైంది. సీరియళ్ళ పిచ్చి కాదు, ఆన్‌లైన్ చీరల పిచ్చి అసలే కాదు. పొడుపుకథల పిచ్చి. అవీ కంప్యూటర్‌తో ఆడే పొడుపుకథలు!

తెచ్చిపెట్టింది మా పెద్దమ్మాయి. ఇంజనీరింగ్ అయ్యాక ఏడు నెలలు ఇంట్లోనే ఉంది. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ "ఇంకా ఏమీ రాలేదా?" అనే అడిగేవారు. వాళ్ళకేం చెప్పాలా అని నేను మథనపడుతుంటే, ఇది రాత్రి పన్నెండు దాటినా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తనలో తను నవ్వుకునేది. "ఏంటే అది?" అంటే చూపించింది.

పైథాన్ అని ఒక కంప్యూటర్ భాష ఉంది. గిడో వాన్ రోసమ్ అనే డచ్ ఆయన 1991లో బయటికి తెచ్చాడు. పామును చూసి పెట్టిన పేరు కాదుట, మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమం పేరుట. అందులో తెర మీద వంద కనిపించాలంటే ప్రింట్ అని ఇంగ్లీషులో రాసి, బ్రాకెట్లలో 100 వేస్తే చాలు. బ్రాకెట్లతో కలిపి పది అక్షరాలు. ఇప్పుడు షరతు వినండి. రాసేదాంట్లో ఒక్క అంకె కూడా ఉండకూడదు, కానీ తెర మీద వంద రావాలి! పైగా ఎంత తక్కువ అక్షరాల్లో రాస్తే అంత గొప్ప. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడు గెలుస్తాడు కదా, అందుకని దీన్ని కోడ్ గోల్ఫ్ అంటారు.

ఇది విన్నాక నాకు బి.ఏ. తెలుగు క్లాసు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? "ఓస్, ఇంతేనా! మాకు నిరోష్ఠ్యం ఉందే పిచ్చిపిల్లా" అన్నాను. పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మ లాంటి అక్షరాలు లేకుండా రాసే కవిత్వం అది. మరింగంటి సింగరాచార్యులు రామకథ మొత్తం అలా రాశాడు. మరి "రామ" అంటేనే పెదవులు కలుస్తాయి కదా! కావ్యం పేరు "దశరథరాజనందన చరిత్ర". ఒకసారి పైకి అని చూడండి, పెదవి పెదవికి తగలదు. పొన్నిగంటి తెలగన సంస్కృత పదాలు వదిలేసి అచ్చతెలుగులో "యయాతి చరిత్ర" చెప్పాడు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి సంగతి మీకు తెలిసిందే. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే పక్కనున్న పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఫలానాది రాకూడదని అడ్డం పడుతుంటాడు. మా అమ్మాయి నోరు తెరుచుకుని విన్నది. ఇరవై రెండేళ్ళలో నా డిగ్రీ గురించి అది ఆసక్తిగా అడగడం అదే మొదటిసారి.

"అయితే నువ్వూ చెయ్యమ్మా" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. లెన్ అని ఒక మాట ఉంటుంది. దానికి ఏ పదం ఇచ్చినా అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి చెబుతుంది. నేను "అమ్మ" అని ఇచ్చాను. రెండు వస్తుందనుకుంటే నాలుగు వచ్చింది! అ, మ, పొల్లు, కింద ఒత్తుగా ఉన్న మ, ఇలా దేనికది లెక్కపెడుతుందిట. "నాన్న"కు అయిదు. "అక్కడ కూడా నాన్నకే ఒకటి ఎక్కువ" అని ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే నాకు తట్టింది. నాలుగైదులు ఇరవై, ఇరవై అయిదులు వంద. అమ్మను నాన్నతో హెచ్చవేసి, మళ్ళీ నాన్నతో హెచ్చవేస్తే వంద! ఒక్క అంకె లేదు. మొత్తం 44 అక్షరాలు.

అది పదిహేనింటిలోనే చేసింది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ వెనకాల ఒక సంఖ్య ఉంటుంది. ఇంగ్లీషు చిన్న బడి డి అక్షరం సంఖ్య సరిగ్గా 100. ఆర్డ్ అనే మాటతో ఆ సంఖ్యను పైకి లాగింది, అంతే. "నీది చిన్నది, నాది ముద్దుగా ఉంది" అని నేను ఓటమి ఒప్పుకోలేదు.

తర్వాత పప్పు పోపు వేస్తూ ఆలోచిస్తే అనిపించింది, ఈ ఆట మనకు కొత్తదేమీ కాదు. కార్తీకమాసం వస్తే ఉల్లి, వెల్లుల్లి లేకుండా కూరకు రుచి తేవాలి. నెలాఖరులో కందిపప్పు లేకుండా పప్పు వండాలి. డబ్బా ఖాళీ అయితే "లేదు" అనకూడదు, "నిండుకుంది" అనాలి. దీపం ఆరిపోకూడదు, కొండెక్కాలి. మా అమ్మమ్మ అయితే తాతయ్య పేరు నోటితో పలికేది కాదు. ఆయన పేరు వెంకటేశ్వర్లు. తిరుపతి వెళ్ళొచ్చి కూడా "ఏడుకొండలవాడి దర్శనం బాగా అయింది" అనే చెప్పేది. సింగరాచార్యులుగారు ఒక్క కావ్యానికి చేసిన పని ఆవిడ అరవై ఏళ్ళు చేసింది. ఆవిణ్ణి ఎవరూ కవయిత్రి అనలేదు.

ఇదంతా ఉత్సాహంగా మా అమ్మాయికి చెప్పాను. అది నవ్వలేదు. "నా షరతు నేనే పెట్టుకుంటానమ్మా. విసుగొస్తే మూసేసి పడుకుంటాను. అమ్మమ్మమ్మ అలా మూసేసి పడుకోగలిగిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ మాట నాలో ఉండగానే దానికి ఉద్యోగం వచ్చింది. పుణెలో. ఇంట్లో పండగ కావాలి కదా? రాత్రి భోజనాల దగ్గర షరతుల చిట్టా తయారైంది. మావారు "హైదరాబాదులో అయితే చూద్దాం" అన్నారు. "రాత్రి షిఫ్టులు కుదరవు" అన్నారు. అత్తయ్యగారు "రెండేళ్ళే, ఆ తర్వాత పెళ్ళి. మగపిల్లలున్న టీమ్ వద్దని చెప్పెయ్యి" అన్నారు. అమ్మాయి తలెత్తకుండా అన్నం కలుపుతూ "ఊరు వాడకుండా, రాత్రి వాడకుండా, మగవాళ్ళు లేకుండా ఉద్యోగం చెయ్యాలి. మంచి పజిలే" అంది. ఆ గొంతులో నవ్వు లేదు. మర్నాటి నుంచి గదిలో లైటు తొందరగా ఆరిపోయేది. అదే నాకు ఎక్కువ భయమేసింది.

మూడో రోజు మావారికి కాఫీ ఇచ్చి కూర్చున్నాను. అంకెలు లేని వంద సంగతి చెప్పాను. అమ్మ నాలుగు, నాన్న అయిదు అంటే ఆయనా నవ్వారు. అప్పుడన్నాను. "ఏవండీ, ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. షరతు పెట్టేవాళ్ళు జవాబు అసలుందో లేదో ముందు తాము చూసుకుని మరీ పెడతారు. మీరు దానికి పెట్టిన షరతులతో ఒక్క ఉద్యోగం వెతికి చూపించండి. దొరికితే దాన్ని నేనే ఒప్పిస్తాను."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పేపరు తిప్పారు. చివరికి "ఆ పుణెలో హాస్టళ్ళు ఎలా ఉంటాయో" అన్నారు. నేను అంతకుమించి ఏమీ అనలేదు. సాయంత్రం ఆయనే మూడు టిక్కెట్లు తీశారు, మేమిద్దరం కూడా వెళ్ళి దాన్ని దింపి రావడానికి. అత్తయ్యగారు ఇంకా ముభావంగానే ఉన్నారు. జంతికలు మాత్రం ఆవిడే దగ్గరుండి చేయిస్తున్నారు.

నిషేధాలన్నీ చెడ్డవని నేననను. ఉల్లి లేని కార్తీకమాసం వంట నాకు ఇష్టం. అది నా ఇష్టంతో నేను పెట్టుకున్న నియమం. మీరూ ఒకసారి తీరిగ్గా కూర్చుని మీ "లేకుండా"లన్నీ రాసి చూడండి. వాటిలో మీరు పెట్టుకున్నవి ఎన్ని, మీకు పెట్టినవి ఎన్ని? లెక్క తేలాక మీ అమ్మాయిని కూడా అడగండి.