బుజ్జి, అశ్వత్థామ, మేనల్లుడి ప్రశ్న

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. మా ఇంట్లో దాని గురించిన వాదన ఇంకా తెగలేదు. కారణం మా అక్క కొడుకు. వాడికి పదమూడేళ్ళు, చెన్నైలోనే పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. యుద్ధాల గురించి మాట్లాడాలంటే మాత్రం ఇంగ్లీషే. మనిషి లోపల కూర్చుని నడిపే పెద్ద పెద్ద యుద్ధయంత్రాల కథలంటే వాడికి ప్రాణం. జపాన్‌లో 1979లో మొదలైన ‘గండమ్’, అమెరికాలో 1984లో బల్ల మీద ఆడే ఆటగా పుట్టిన ‘బాటిల్‌టెక్’, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. బాటిల్‌టెక్ కథ జరిగేది 31వ శతాబ్దంలో. గ్రహాలన్నీ రాజ్యాలుగా చీలి కొట్టుకుంటూ ఉంటాయి. 20 టన్నుల నుంచి 100 టన్నుల దాకా బరువుండే నడిచే యంత్రాలతో యుద్ధం. వాటిలో డ్రాకోనిస్ కంబైన్ అనే రాజ్యానిది సమురాయ్ పద్ధతి. అక్కడి యోధులకు ప్రాణం కంటే పరువు ముఖ్యం. లేజర్ తుపాకులున్న యంత్రం ఎక్కేవాడికి నడుముకి కత్తి ఎందుకో నాకు అర్థం కాదు. మా వాడికి మాత్రం అందులో వింతేమీ లేదు.

అలాంటివాడికి బుజ్జి నచ్చకుండా ఉంటుందా? అందులోనూ అది మన ఊరి పక్క బండి! 2022లో నాగ్ అశ్విన్ గారు ట్విట్టర్‌లో ఆనంద్ మహీంద్రా గారిని సాయం అడిగారు. చెన్నై దగ్గర, చెంగల్‌పట్టు వైపున్న మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ ఇంజనీర్లు చెయ్యి వేశారు. కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళు కట్టారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతి లాంటి ఒక్క చక్రం, బరువు దాదాపు 6 టన్నులు. ఆవడిలో తయారయ్యే అర్జున్ ట్యాంకు 58.5 టన్నులుంటుంది, దాని పక్కన పెడితే బుజ్జి నిజంగా బుజ్జే. అయినా తెలుగులో మాట్లాడే యుద్ధయంత్రం చెన్నై పిల్లాడికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ గొంతు కీర్తి సురేశ్‌ది అన్నది మా వాడికి ఇంకో సంబరం.

సినిమా చూసి వచ్చాక వాడు అడిగిన ప్రశ్న: “మామా, అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్ళని చంపాడంట కదా. మరి ఆయన హీరో ఎలా అయ్యాడు?”

సినిమా ఎక్కువగా చెప్పేది ఉత్తర గర్భం మీద వేసిన అస్త్రం గురించీ, కృష్ణుడి శాపం గురించీ. దానికి ముందు రాత్రి సంగతి వాడికి మా అమ్మ చెప్పింది. మా అమ్మ మహాభారతం ఎప్పుడూ పూర్తిగానే చెప్తుంది, పిల్లల కోసమని కోతలు ఉండవు.

నేను చదివింది బళ్ళారిలో, కన్నడ మీడియంలో. తెలుగు చదవడం ఇంట్లో నేర్చుకున్నాను, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. కన్నడ మీడియం పిల్లలకి రన్నడి ‘గదాయుద్ధం’ ఎక్కడో ఒక తరగతిలో తగులుతుంది. అంతా పోయాక దుర్యోధనుడు శవాల మధ్య నడుస్తూ అభిమన్యుడి శవం దగ్గర ఆగుతాడు. శత్రువు కొడుకు. అయినా ఆ పిల్లవాడి పరాక్రమాన్ని పొగిడి, నీలాంటి చావులో కొంతైనా నాకు దక్కితే చాలని కోరుకుంటాడు. వీరుడి మర్యాద అంటే నా తలలో ఇప్పటికీ ఆ బొమ్మే.

మా వాడితో వాదనకి నేను పట్టుకున్నది మాత్రం ధర్మరాజు రథం. భారతంలో ఆ రథం నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచేది. మొదట భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపాడు. ఆ రోజుల్లో భారీ యుద్ధయంత్రం అంటే ఏనుగే కదా. తరవాత అశ్వత్థామ చచ్చాడని ధర్మరాజు ద్రోణుడి ముందు అన్నాడు, ఏనుగు అన్న మాట మాత్రం వినపడనివ్వలేదు. రథం నేలకి దిగిపోయింది. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఏది చెయ్యాలో ప్రతివాడూ రాసిస్తాడు, ఏది చెయ్యకూడదో తవ్వి తీసేది మేము. ఆ లెక్కన అంత మంచి యంత్రం నేను ఏ కథలోనూ చూడలేదు. తోలేవాడు తప్పితే అది మొరాయించదు, పేలదు, అందరి బళ్ళలాగా నేల మీద నడుస్తుందంతే.

“బాగుంది మామా,” అన్నాడు మా వాడు, “మరి 47 మంది రోనిన్లు కూడా రాత్రే కదా వెళ్ళారు?”

దొంగవెధవ, మంచి పట్టే పట్టాడు. 1701లో అసానో అనే ప్రభువు ఎదో కోటలో కిర అనే అధికారి మీద కత్తి దూశాడు. అదే రోజు సెప్పుకు చేసుకొని చావమన్నారు, చచ్చాడు. ఆయన మనుషులు దాదాపు రెండేళ్ళు ఆగి, 1703 జనవరి చివర ఒక రాత్రి కిర ఇంటి మీద పడ్డారు. అశ్వత్థామదీ అదే లెక్క. తండ్రిని అన్యాయంగా చంపారు, రాత్రి శిబిరం మీద పడ్డాడు. వీళ్ళని జపాన్ నెత్తిన పెట్టుకుంది, అతన్ని మనం శపించాం. ఎందుకు?

ఇద్దరం కూర్చుని తేడాలు వెతికాం. రోనిన్లు ఇరుగుపొరుగుకి ముందే కబురు పెట్టారని చెప్తారు, మీకు ఏ హానీ చెయ్యం అని. దాక్కున్న కిర దొరికాక వాళ్ళ నాయకుడు ఓయిషి అతనికి కత్తి ఇచ్చి గౌరవంగా చచ్చే అవకాశం ఇచ్చాడనీ అంటారు. తరవాత పారిపోలేదు, తీర్పు కోసం కూర్చున్నారు. రెండు నెలల లోపే చావు శిక్ష పడింది. ఇటు చూస్తే, ధృష్టద్యుమ్నుడు కనీసం ఆయుధంతో చంపమని వేడుకున్నాడు. అశ్వత్థామ ఆ మర్యాద కూడా ఇవ్వకుండా కాళ్ళతో తన్ని చంపాడు. ద్రౌపది కొడుకులు అయిదుగురూ ఆ రాత్రే పోయారు. ఆ తరవాత అతను గంగ ఒడ్డుకి పారిపోయాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాడి స్నేహితుణ్ణి వేరే సెక్షన్ పిల్లలు కొట్టారట. వాళ్ళలో ఒకణ్ణి ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చేటప్పుడు పట్టుకుందామని వీళ్ళు అయిదుగురు అనుకున్నారట. మా వాడిని కొట్టమనలేదు, సందు చివర నిలబడి ఎవరైనా వస్తే చెప్పమన్నారు, అంతే. “నేను చెయ్యి వెయ్యను కదా మామా?”

నాకు కృపుడు గుర్తొచ్చాడు. అశ్వత్థామకి మేనమామ. గుడ్లగూబ నిద్రపోతున్న కాకులను చంపడం చూసి మేనల్లుడికి ఆ ఆలోచన పుడితే, వద్దురా అని చాలాసేపు చెప్పాడు. నిద్రపోయేవాళ్ళని చంపకూడదు, తెల్లారాక పెద్దల్ని అడుగుదాం అన్నాడు. అల్లుడు వినలేదు. అయితే మామ ఏం చేశాడు? తనూ వెంట వెళ్ళాడు. శిబిరం లోపలికి పోలేదు. కృతవర్మతో కలిసి ద్వారం దగ్గర నిలబడ్డాడు, పారిపోయి వచ్చినవాళ్ళని అక్కడే నరికాడు.

ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఫోన్ తీసి, రేపు నేను రాను అని వాళ్ళ గ్రూపులో పెట్టాడు. నేను ఆ దెబ్బలు తిన్న పిల్లవాడి నాన్నగారికి ఫోన్ చేశాను. మర్నాడు ఆయనా నేనూ కలిసి వెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడాం. మా వాడికి అది నచ్చలేదు. నాలుగు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు, ఉండనీ.

అయిదో రోజు వచ్చి అడిగాడు, “కృపుణ్ణి ఎవరూ శపించలేదా?” లేదని చెప్పాను. పాండవులు రాజ్యం వదిలి వెళ్ళేటప్పుడు పరీక్షిత్తుకి గురువుగా ఆయన్నే పెట్టి వెళ్ళారు. అశ్వత్థామ అస్త్రం వేసింది ఆ పరీక్షిత్తు మీదే, తల్లి కడుపులో ఉండగా.

“అయ్యో, ప్రతిరోజూ ఆ పిల్లాడి ముఖం చూస్తూ పాఠం చెప్పాలన్నమాట,” అన్నాడు.