కార్డు సరే, కరెంటో?
ఇంటి కంప్యూటర్లతో ప్రొటీన్ల మడతలను లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ కోసం గ్రాఫిక్స్ కార్డు కొందామని వారం రోజులుగా ఒకటే లెక్కలు. ఆర్‌టీఎక్స్ 3060 పూర్తి లోడు మీద 170 వాట్ల దాకా లాగుతుంది. రోజంతా నడిపితే 4 యూనిట్లు, నెలకు 120 పైచిలుకు. మా ఫ్రిజ్ ఎంత బుద్ధిమంతురాలో ఇప్పుడు తెలిసొచ్చింది! పవర్ లిమిట్ కాస్త దించితే వేగం పెద్దగా పడిపోదు, బిల్లు మాత్రం దిగుతుంది.

డబుల్ ప్రెసిషన్ (ఎక్కువ అంకెల కచ్చితత్వం) అడిగే ప్రాజెక్టులైతే కథ వేరు. 3060లో ఆ వేగం సింగిల్ ప్రెసిషన్‌లో 64వ వంతే. 2019 నాటి రేడియాన్ సెవెన్‌లో నాలుగో వంతు. పాతదైనా అక్కడ అదే మొనగాడు.

ప్రొటీన్ల మడతలకు చాలావరకు సింగిల్ ప్రెసిషన్ చాలు కాబట్టి నా ఓటు 3060కే. రాత్రిళ్లే నడుపుతా. మే నెలలో మాత్రం సెలవు. గది ఎలాగూ కుంపటే.